ఏ కణంలో ఆపింది?

2020 మార్చి ఆఖరు. లాక్‌డౌన్ మొదలై వారం కూడా కాలేదు. ఉప్పల్‌లో ఉండే మా పిన్ని ఫోన్ చేసింది. "మీ దిక్కు మెడికల్ షాపుల్ల నా గోలీలు దొరుకుతయేమో చూడు బిడ్డా, ఇక్కడ ఎవ్వల దగ్గర లేవంటున్నరు." పిన్నికి రుమటాయిడ్ కీళ్లవాతం. ఎనిమిదేళ్లుగా రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకుంటోంది. ఆ మాత్ర కొన్నాళ్లు ఆగితే పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు. టీ గ్లాసు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

తార్నాక నుంచి మెట్టుగూడ దాకా తెరిచి ఉన్న ప్రతి షాపులోనూ అడిగాను. మా గల్లీ చివర షాపు అన్న తల అడ్డంగా ఊపాడు. "మొన్ననే అయిపోయినయ్ అక్కా. ఒక్కొక్కరు ఐదు స్ట్రిప్పులు, పది స్ట్రిప్పులు పట్టుకపోయిన్రు." పట్టుకుపోయినవాళ్లకు కీళ్లవాతం లేదు, ఈ మందు వాడే ఇంకో జబ్బు లూపస్ కూడా లేదు. ఆ మందు ల్యాబ్‌లో కరోనాను ఆపిందని టీవీలో విన్నారు, అంతే. వైద్య సిబ్బంది, రోగి ఇంట్లోవాళ్లు ముందుజాగ్రత్తగా వాడవచ్చని మార్చి నాలుగో వారంలో భారత వైద్య పరిశోధన మండలి సలహా కూడా వచ్చింది. మార్చి 26న కేంద్రం ఈ మందును షెడ్యూల్ హెచ్1లో పెట్టి చీటీ లేకుండా అమ్మకూడదంది కానీ, అప్పటికే మా చుట్టుపక్కల అరలు ఖాళీ. పిన్నికి మందు దొరికేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఆమె వేళ్లు ఎలా వాచాయో వీడియో కాల్‌లో చూశాను.

ల్యాబ్‌లో ఆపిందన్న మాట అబద్ధం కాదు. ఇన్నేళ్లుగా నన్ను బాధపెడుతున్నది అదే. ఆపిన మాట నిజం. ఏ కణంలో ఆపిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రోజూ ఆ కణాలనే చేత్తో పట్టుకునే నేనూ అడగలేదు. ఆ వార్త చదివి నేనూ ఆశపడ్డాను.

అందుకే ఈ వ్యాసం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఫలానా మందు, ఫలానా ఆకు, ఫలానా కషాయం ల్యాబ్‌లో వైరస్‌ను ఆపింది అనే వాక్యంలో ఏ కణంలో ఆపిందో లేకపోతే ఆ వాక్యం సగమే. మిగతా సగం అందేదాకా దాన్ని నమ్మకూడదు, ఇంకొకరికి పంపకూడదు.

నా పని సెల్ కల్చర్, అంటే కణాలను ల్యాబ్‌లో పెంచడం. శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ వైపు ఒక కంపెనీలో, టీకాల నాణ్యత పరీక్షించే విభాగంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. నా చేతుల్లో ఎక్కువగా ఉండేవి వీరో కణాలు. 1962లో జపాన్‌లోని చిబా యూనివర్సిటీలో ఒక ఆఫ్రికన్ గ్రీన్ మంకీ మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి అది. ఆ కోతి లేదు, ఆ కణాల వంశం మాత్రం ప్రపంచంలోని వందల ల్యాబుల్లో ఇంకా పెరుగుతూనే ఉంది. ఫ్లాస్కు అడుగున అంటుకుని, మీడియా అనే గులాబీ రంగు పోషక ద్రవం కింద, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రెండు మూడు రోజుల్లో పలకంతా నిండిపోతాయి. నిండాక ట్రిప్సిన్ అనే ఎంజైము వేసి ఊడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచుతాం. దాన్ని పాసేజ్ అంటాం. మైక్రోస్కోపు కింద చూస్తే బియ్యప్పిండి ముగ్గులాగా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వైరస్ వేస్తే రెండు మూడు రోజుల్లో గుండ్రంగా ముడుచుకుని, పట్టు వదిలి తేలిపోతాయి. ఆ నిండు ముగ్గులో బొక్కలు పడతాయి. వైరస్ పని చేసిందని కంటితో చూసి చెప్పగలిగే గుర్తు అదే.

వైరస్ పెంచేవాళ్లకు వీరో అంటే ఎందుకంత ఇష్టమంటే, ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్ తయారు చేసుకోలేవు. వైరస్ వచ్చిందని పక్క కణాన్ని హెచ్చరించే మొదటి కేక ఇంటర్‌ఫెరాన్. ఆ కేక లేని ఊళ్లో దొంగకు అడ్డేముంది? 2020లో హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌ను పెంచిందీ వీరో కణాల్లోనే. ఆ పనికి అది సరైన ఎంపిక.

అయితే వైరస్‌ను పెంచడం ఒక పని. అది మన ఊపిరితిత్తిలోకి ఎలా దూరుతుందో, దేనితో ఆగుతుందో తెలుసుకోవడం పూర్తిగా వేరే పని. ఇది అర్థం కావాలంటే ఆ దూరడం ఏమిటో నిదానంగా చెప్పుకోవాలి.

కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్ల గుండు. పైన కొవ్వు పొర. సబ్బుతో చేతులు కడుక్కోమన్నది ఆ పొర చెదిరిపోతుందనే. ఆ పొరలోంచి పొడుచుకొచ్చినవే స్పైక్ ప్రొటీన్లు, మన పత్రికలు కొమ్ములన్నవి. ఒక్కో కొమ్ము మూడు పోగులు కలిపి పేనినట్టుంటుంది, ఒక్కో పోగులో 1273 అమైనో ఆమ్లాలు. కొమ్ము తలలో ఆర్‌బీడీ అనే చిన్న భాగం ఉంది. అది ఒకప్పుడు తల వంచుకుని, ఒకప్పుడు తలెత్తి ఉంటుంది. తలెత్తినప్పుడే మన కణం మీది ఏసీఈ2 అనే ప్రొటీన్‌ను పట్టుకోగలదు.

ఏసీఈ2 అక్కడ ఉన్నది వైరస్ కోసం కాదు. రక్తపోటు పెంచే యాంజియోటెన్సిన్-2 అనే పదార్థాన్ని విరగ్గొట్టడం దాని అసలు పని. 2003లో సార్స్ వచ్చినప్పుడు ఆ వైరస్ పట్టుకునేది దీన్నేనని అమెరికాలో మైకేల్ ఫర్జాన్ బృందం కనిపెట్టింది. అందుకే 2020లో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే ఎక్కడ వెతకాలో అందరికీ తెలుసు. కరోనాలన్నీ ఇదే పట్టుకుంటాయని కాదు. మెర్స్ వైరస్ డీపీపీ4 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఏసీఈ2 కూడా అన్ని జీవుల్లో ఒకేలా ఉండదు. వూహాన్‌లో మొదట కనిపించిన వైరస్ మామూలు ల్యాబ్ చిట్టెలుకకు సోకలేదు, దాని ఏసీఈ2 మీద ఈ కొమ్ముకు పట్టు చిక్కలేదు. మనిషి ఏసీఈ2 జన్యువు పెట్టిన చిట్టెలుకలు కావాల్సి వచ్చాయి. పిల్లి జాతి ఏసీఈ2 మాత్రం మనదానికి బాగా దగ్గర. 2021 మే నెలలో మన నెహ్రూ జూలో 8 ఆసియా సింహాలకు కరోనా ఉందని సీసీఎంబీ తేల్చినప్పుడు "ఎలుకకు రానిది సింహానికెట్ల వచ్చింది?" అని మా నాన్న అడిగాడు. జవాబు ఈ ఒక్క ప్రొటీన్ ఆకారంలో ఉంది.

పట్టుకోవడం వేరు, లోపలికి పోవడం వేరు. చాలా వార్తలు ఇక్కడే ఆగిపోయాయి. వైరస్ లోపలికి పోవాలంటే కొమ్ముకు రెండు చోట్ల కోత పడాలి. మొదటి కోత ఫ్యూరిన్ అనే ఎంజైము వేస్తుంది, అదీ ముందటి కణంలోంచి వైరస్ తయారై బయటికి వచ్చేటప్పుడే. 2003 నాటి సార్స్ వైరస్‌కు ఈ ఫ్యూరిన్ కోత చోటు లేదు. రెండో కోత కొత్త కణాన్ని పట్టుకున్నాక పడుతుంది. ఆ కోత పడగానే కొమ్ము పైభాగం ఊడిపోతుంది. లోపల ముడుచుకున్న భాగం చాచుకుని, దాని కొస మన కణం పొరలో గుచ్చుకుంటుంది. బావిలో పడ్డ బొక్కెన కోసం పాతాళ గరిగె వేస్తారే, అలాగ. కొక్కెం తగులుకున్నాక తాడు లాగినట్టు ఆ చాచుకున్నది మళ్లీ మధ్యకు మడత పడుతుంది. ఒక కొస వైరస్ పొరలో, ఒక కొస కణం పొరలో ఉన్నాయి కాబట్టి, మడత పడేసరికి రెండు పొరలూ దగ్గరికొచ్చి, చారు మీద రెండు నూనె చుక్కలు కలిసినట్టు ఒకటవుతాయి. ఆ కలిసిన చోట నుంచి దాదాపు 30 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం, లోపలికి జారుతుంది. (ఈ కొమ్ము ముందుగానే విచ్చుకోకుండా రెండు చోట్ల ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం పెట్టి బిగించారు. ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఉన్నది అలా బిగించిన కొమ్ము నమూనాయే. ఈ పని గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.)

ఇప్పుడు అసలు సంగతి. రెండో కోత వేసేది ఎవరు?

అది కణాన్ని బట్టి ఉంటుంది. ఊపిరితిత్తి కణాల పొర మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైము ఉంటుంది. మాటల్లో టెంప్రెస్-2 అంటాం. అది గుమ్మంలోనే కోత వేసేస్తుంది, వైరస్ అక్కడికక్కడే పొరలో కలిసిపోతుంది. ఇది వీధి గుమ్మం. టెంప్రెస్-2 లేని కణంలో ఏమవుతుందంటే, కణం వైరస్‌ను ఒక చిన్న సంచిలో చుట్టి లోపలికి మింగుతుంది. సంచి లోపలికి పోయేకొద్దీ పుల్లబడుతుంది. ఆ పులుపులో కాథెప్సిన్-ఎల్ అనే ఇంకో ఎంజైము కోత వేస్తుంది. ఇది దొడ్డి గుమ్మం. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ సంచుల్లో చేరి వాటిని పుల్లబడనివ్వదు. దొడ్డి గుమ్మానికి గడియ పెట్టేస్తుంది.

వీరో కణాల్లో టెంప్రెస్-2 దాదాపు లేదు. వాటికి ఉన్నది దొడ్డి గుమ్మమే.

2020 ఫిబ్రవరిలో క్లోరోక్విన్ వైరస్‌ను ఆపుతోందని వూహాన్ శాస్త్రవేత్తలు చూపింది వీరోలోనే ఒక రకమైన వీరో ఈ6 కణాల్లో. క్లోరోక్విన్ హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు దగ్గరి చుట్టం. ఒకే గుమ్మం ఉన్న ఇంట్లో ఆ గుమ్మం మూస్తే ఎవరూ రాలేరు, సహజం. మన ఊపిరితిత్తి కణానికి వీధి గుమ్మం బార్లా తెరిచి ఉంది.

జర్మనీలో స్టెఫాన్ పోల్మన్, మార్కస్ హాఫ్మన్‌ల బృందం దీన్ని తేల్చిన తీరు నాకు ఎంతో ఇష్టం. 2020 జులైలో నేచర్ పత్రికలో వచ్చింది. ముందు మామూలు వీరో కణాల్లో చూశారు, క్లోరోక్విన్ ఆపింది. కాలు-3 అనే మనిషి ఊపిరితిత్తి కణాల్లో చూశారు, ఆపలేదు. అక్కడితో వదిలిపెట్టి ఉంటే, కోతికీ మనిషికీ తేడా, మూత్రపిండానికీ ఊపిరితిత్తికీ తేడా అని వాదించవచ్చు. వాళ్లు అదే వీరో కణాల్లో టెంప్రెస్-2 జన్యువును పెట్టి మళ్లీ చూశారు. అదే కోతి, అదే మూత్రపిండం, అదే వైరస్, అదే మందు. ఈసారి మందు పని చేయలేదు. మారింది ఒక్క ఎంజైము. అప్పటికే, జూన్‌లో, బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ ఆస్పత్రి రోగుల్లో ఈ మందు వల్ల ప్రయోజనం లేదని తేల్చి ఆ విభాగాన్ని ఆపేసింది. రోగుల్లో ఎందుకు పని చేయలేదో వివరించే గట్టి కారణం ఒకటి ఒక ఫ్లాస్కులో దొరికింది.

నన్ను ఎక్కువగా కదిలించేది తేదీలు. ఊపిరితిత్తి కణాల్లో ఈ వైరస్‌కు టెంప్రెస్-2 కావాలని ఇదే బృందం మార్చి మొదటి వారంలోనే సెల్ పత్రికలో ప్రచురించింది. మా పిన్ని ఫోన్ చేసేనాటికి అది ప్రపంచమంతా చదవడానికి అందుబాటులో ఉంది. రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసే ఒక్క ప్రశ్న కావాల్సి ఉండింది.

ఇదే తప్పు మా ఇంట్లో ఇంకో రూపంలో వచ్చింది. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. పదకొండేళ్లుగా బీపీకి టెల్మిసార్టన్ వాడతాడు. 2020 ఏప్రిల్‌లో ఒకరోజు ఆయన మందుల డబ్బా సర్దుతుంటే స్ట్రిప్పులో మాత్రలు తగ్గలేదని గమనించాను. లెక్కేస్తే తొమ్మిది రోజులవి. అడిగితే మొదట మాట దాటేశాడు. తర్వాత వాట్సాప్‌లో వచ్చిన ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. "ఆ గోలీ వేసుకుంటే ఏసీఈ2 పెరుగుతదంట బిడ్డా. వైరస్‌కు మనమే తలుపులు పెట్టించినట్టంట." మిషన్ కట్టి చూస్తే 176/104.

ఆ మెసేజ్ కూడా గాల్లోంచి పుట్టలేదు. ఈ జాతి మందులు ఏసీఈ2ను పెంచుతాయని 2005లో ఒక పరిశోధన చూపింది. ఎలుకల గుండెలో. మెసేజ్‌లో ఎలుక లేదు, గుండె లేదు. పెరుగుతుంది అన్న క్రియ ఒక్కటే మా నాన్న ఫోన్ దాకా చేరింది. తర్వాత బ్రెజిల్‌లో కరోనాతో ఆస్పత్రిలో చేరిన 659 మందిలో కొందరికి ఈ బీపీ మందులు ఆపి, కొందరికి కొనసాగించి చూశారు. ఆపినందువల్ల మేలేమీ కనిపించలేదు. నాన్న అదృష్టవంతుడు, ఏమీ కాలేదు. మాత్ర మళ్లీ మొదలుపెట్టించడానికి నాకు రెండు పూటలు పట్టింది. "నువ్వు రోజూ చూసేది కూడా కోతి కణాలే కదా" అన్నాడు. నిజమే. అందుకే నా ఫ్లాస్కు మీద ఏ కణమో, ఎన్నో పాసేజో, ఏ తేదీయో రాయకుండా ఇంక్యుబేటర్‌లో పెట్టనివ్వరు అని చెప్పాను. ఆ మాటతోనే ఆయన కాస్త మెత్తబడ్డాడు.

ల్యాబుల్లో ఇంకో పద్ధతి ఉంది, క్లుప్తంగా చెప్తాను. బతికున్న కరోనా వైరస్‌తో పని చేయాలంటే బీఎస్‌ఎల్-3 అనే గట్టి భద్రత ఉన్న ల్యాబ్ కావాలి, అలాంటివి తక్కువ. అందుకని వేరే వైరస్ డొల్లకు కరోనా కొమ్ములు తొడిగి, లోపల మిణుగురు పురుగు వెలుగు జన్యువు పెడతారు. దాన్ని సూడోవైరస్ అంటారు. మన పగటివేషగాడిలా పైకి వేషం మాత్రమే. అది కణంలోకి దూరితే కణం వెలుగుతుంది, ఎంత వెలుగు ఉంటే అంత ప్రవేశం. మళ్లీ పిల్లల్ని కనలేదు కాబట్టి ఒక మెట్టు తక్కువ భద్రత ఉన్న బీఎస్‌ఎల్-2లో చేయవచ్చు. యాంటీబాడీలు కొమ్మును ఆపుతున్నాయా లేదా అని త్వరగా చూడటానికి ఎంతో మంచిది. అయితే అది ప్రవేశాన్ని మాత్రమే చూపుతుంది, తర్వాతి కథ చూపదు. ఇక్కడ కూడా ఏ కణంలో వెలిగింది అన్న ప్రశ్న తప్పదు.

నా మాటకు అభ్యంతరాలున్నాయి. తోటి ఉద్యోగులతో భోజనాల దగ్గర వాదించినవే.

మొదటిది, వీరోను చిన్నచూపు చూస్తున్నానని. కాదు. కోవాక్సిన్ కోసం వైరస్‌ను పెంచింది ఈ వీరో కణాల్లోనే, ఇక్కడే, జీనోమ్ వ్యాలీలో. పెంచి, బీటా ప్రొపియోలాక్టోన్‌తో చంపి టీకాగా ఇచ్చారు. వైరస్ బాగా పెరగాలి అన్న ప్రశ్నకు వీరో చక్కని జవాబు. ఊపిరితిత్తిలోకి పోకుండా ఏ మందు ఆపుతుంది అన్న ప్రశ్నకు కాదు. కత్తిపీట మంచిదే, దానితో బియ్యం కొలవం. పైగా కణం వైరస్‌నే మార్చేస్తుంది. వీరో ఈ6లో కొన్ని పాసేజ్‌లు పెంచితే వైరస్ తన ఫ్యూరిన్ కోత చోటును పోగొట్టుకోవడం చాలా ల్యాబులు చూశాయి, అక్కడ దానితో అవసరం లేదు కాబట్టి. అందుకే టెంప్రెస్-2 పెట్టిన వీరో కణాలు వాడుకలోకి వచ్చాయి. సీసీఎంబీ కూడా 2020లోనే బెంగళూరు ఐస్టెమ్ సంస్థతో కలిసి మనిషి ఊపిరితిత్తి కణాల మీద మందులు పరీక్షించే ఏర్పాటుకు పూనుకుంది. ఆ వార్తను హైడ్రాక్సీక్లోరోక్విన్ వార్తంత మంది చదివి ఉంటే బాగుండేది.

రెండోది గట్టి అభ్యంతరం. సరైన కణం దొరికితే మాత్రం నమ్మవచ్చా? కామోస్టాట్ అనే మందు టెంప్రెస్-2ను అడ్డుకుంటుంది. కాలు-3 కణాల్లో వైరస్‌ను ఆపింది, అంటే సరైన గుమ్మానికే గడియ. డెన్మార్క్ నేతృత్వంలో ఆస్పత్రి రోగులకు ఇచ్చి చూస్తే కోలుకోవడంలో తేడా రాలేదు. ఆస్పత్రిలో చేరేనాటికి వైరస్ ఎప్పుడో లోపల ఉంది. కాబట్టి సరైన కణం కూడా మనిషి కాదు. నేను ఒప్పుకుంటాను. నేనడిగే ప్రశ్నతో నిజమంతా బయటపడదు. తప్పుడు ఆశను మొదటి మెట్టు మీదే ఆపడానికి అది పనికొస్తుంది, పిన్ని మాత్రలు అంగట్లో మిగలడానికి అంత చాలు.

ఒమిక్రాన్ వచ్చాక ఇంకో పాఠం నేర్చుకున్నాం. 2021 చివర్లో వచ్చిన ఆ రకం టెంప్రెస్-2 మీద అంతగా ఆధారపడలేదు, దొడ్డి గుమ్మం వైపు ఎక్కువ మొగ్గింది. హాంకాంగ్ యూనివర్సిటీ వాళ్లు మనిషి శ్వాసనాళం ముక్కల్లో, ఊపిరితిత్తి ముక్కల్లో పెంచి చూస్తే, ఒక రోజులో శ్వాసనాళంలో డెల్టా కన్నా దాదాపు 70 రెట్లు ఎక్కువ పెరిగింది, లోతు ఊపిరితిత్తిలో తక్కువ పెరిగింది. ఒక్క రకం కణంలోనే చూసి ఉంటే ఒకరు ఘోరం అనేవారు, ఇంకొకరు ఏం ఫరవాలేదు అనేవారు. రెండు చోట్లా చూశారు కాబట్టి బొమ్మ కాస్త పూర్తిగా కనిపించింది.

మూడో అభ్యంతరం ఒక తెలుగు పత్రికలో పని చేసే కుర్రాడిది. మా కాలనీలోనే ఉంటాడు. "మేడమ్, కణం పేరు రాస్తే ఎవరికి అర్థమవుతుంది? చదివేవాళ్లు పారిపోతారు" అన్నాడు. ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. మన ఊళ్లో ఎవరూ కిరాణా షాపుకెళ్లి ఉత్త బియ్యం ఇవ్వమనరు. సోనా మసూరియా, హెచ్‌ఎంటీనా, కొత్తవా పాతవా అని అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లు తెలంగాణ సోనా అని పేరు పెట్టి అడుగుతారు. రైతు ఉత్త విత్తనం కొనడు, బీపీటీ 5204 అని అంకె చెప్పి కొంటాడు. ఇన్ని పేర్లు గుర్తుంచుకునేవాళ్లకు కోతి మూత్రపిండ కణం అన్న మూడు మాటలు బరువా? 2022 మార్చిలో మా అక్క కొడుకు స్కూలువాళ్లతో కలిసి కోర్బెవాక్స్ వేయించుకున్నాడు. హైదరాబాద్‌లోనే బయొలాజికల్ ఈ తయారు చేసిన టీకా. అందులో ఉన్నది ఈస్ట్‌లో తయారైన ఆర్‌బీడీ, ఏసీఈ2ను పట్టుకునే ఆ చిన్న తల మాత్రమే అని చెప్తే పదమూడేళ్ల పిల్లవాడు విని, "అయితే మిగతా కొమ్ము ఎందుకు పెట్టలేదు పిన్నీ?" అని అడిగాడు. చెప్తే అందుకుంటారు.

ఆ కుర్రాడితో ఒకటే అన్నాను. తర్వాత వార్త రాసేటప్పుడు కణం పేరు శీర్షికలో వద్దు, చివరి పేరాలో అసలే వద్దు, మొదటి వాక్యంలో పెట్టు అని. కొన్ని నెలల తర్వాత ఏదో మూలిక సారం మీద వార్త రాస్తూ కోతి మూత్రపిండ కణాల్లో అని మొదటి వాక్యంలోనే పెట్టాడు. పొద్దున పేపర్ తెరిస్తే ఆ మాట లేదు. వాక్యం పొడవైందని డెస్క్‌లో తీసేశారట. నాకు ఫోన్ చేసి చాలా బాధపడ్డాడు. ఏ మాట తీస్తే వాక్యం పొట్టిదవుతుందో ఇద్దరం కూర్చుని చూశాం. ఆ వాక్యంలో "అద్భుతంగా" అన్న మాట ఒకటి ఉంది. దాన్ని కొట్టేసి, కణం పేరు అక్కడ పెట్టి, సవరణ వేయమని ఆ సాయంత్రమే మళ్లీ పంపాడు.